తేనెటీగల శత్రువు, వేరు పురుగు పరాన్నజీవి: మల్లోఫోరా రాబర్ ఈగ

అర్జెంటీనాలోని పంపా పచ్చిక మైదానాలలో మల్లోఫోరా రూఫికౌడా అనే రాబర్ ఈగ సర్వసాధారణంగా కనిపిస్తుంది. డిప్టెరా క్రమంలోని అసిలిడే కుటుంబానికి చెందిన ఈ కీటకాన్ని వీడెమాన్ 1828లో వర్ణించాడు. తేనెటీగల పెంపకందారులు దీనిని హానికర కీటకంగా పరిగణిస్తారు. అయితే దీని జీవితచక్రాన్ని పూర్తిగా పరిశీలించినపుడు ఈ అభిప్రాయం సగం సత్యమేనని తెలుస్తుంది.

ప్రౌఢ దశ: ప్రౌఢ ఈగలు వేసవిలో వెలువడతాయి. దట్టమైన రోమాల వలన ఇవి బంబుల్ తేనెటీగలను పోలి ఉంటాయి. మొక్కలపై పొంచి ఉండి, ఎగిరే కీటకాలను గాలిలోనే పట్టుకొంటాయి. గట్టి ముక్కుతో పొడిచి లాలాజలాన్ని ఎక్కిస్తాయి. దాని ప్రభావంతో ఎర చచ్చుబడి, లోపలి కణజాలం కరుగుతుంది. ఆ ద్రవాన్ని ఈగ పీల్చుకొంటుంది. తేనెటీగలు దీనికి ముఖ్యమైన ఆహారం.

లార్వా దశ: ఆడ ఈగ అతిథేయి ఉన్న నేలలో గ్రుడ్లు పెట్టదు. పొడవైన గడ్డి మొక్కలపై, కంచె తీగలపై సుమారు 1.25 నుండి 1.50 మీటర్ల ఎత్తున గుంపుగా పెడుతుంది. పొదిగిన పిల్ల లార్వాలను గాలి చెదరగొట్టి నేలపై రాలుస్తుంది. అవి మట్టిలోనికి చొచ్చుకొనిపోతాయి. ఆహారం లేకుండానే మొదటి నిర్మోచనం జరుగుతుంది. రెండవ దశ లార్వా వాసన ఆధారంగా అతిథేయిని వెదకుతుంది. సైక్లోసెఫాలా సిగ్నాటికొల్లిస్ అనే పెంకు పురుగు యొక్క మూడవ దశ వేరు పురుగు దీని ప్రధాన అతిథేయి. లార్వా దాని శరీరంపై బాహ్య పరాన్నజీవిగా అంటుకొని, క్రమంగా దానిని చంపుతుంది. ఏడాదికి ఒక తరం మాత్రమే పూర్తవుతుంది.

విస్తరణకు సూచన: తేనెటీగల రక్షణకై ప్రౌఢ ఈగలను నిర్మూలించినచో, వేరు పురుగుల సహజ శత్రువు కూడ తగ్గుతుంది. కావున నష్టాన్నీ, లాభాన్నీ కలిపి బేరీజు వేసిన పిదపనే సిఫారసు చేయవలెను. దక్షిణ అమెరికాకు చెందిన ఈ జాతిని మన ప్రాంతంలో విడుదల చేయదగదు. కాని వేరుశనగ, చెరకు పైర్లలో వేరు పురుగుల బెడద ఉన్న మనకు దీని నుండి ఒక పాఠం లభిస్తుంది. రెక్కల దశలో కనబడిన ప్రవర్తనను బట్టి మాత్రమే ఒక కీటకాన్ని మిత్రపురుగుగా గాని, శత్రుపురుగుగా గాని నిర్ణయించరాదు. మట్టిలోని దశను కూడ త్రవ్వి చూడవలెను.