తాడు లాగితే చాలదు!

ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మోటారు బోట్లన్నీ ఒడ్డెక్కేస్తాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం మరి! పూడిమడకలో చూసినా, ఉప్పాడలో చూసినా ఆ రెండు నెలలూ పాకల నీడన ఒకటే సందడి... వలల చిరుగులు కుట్టుకునేవాళ్లు ఒకవైపు, మోటారు మూత విప్పి గోనెపట్టా మీద భాగాలన్నీ పరుచుకు కూర్చున్నవాళ్లు మరోవైపు. ప్లగ్గు గీకడం, కార్బురేటర్ కడగడం, తాడు మార్చడం... వీటికి మెకానిక్కు ఎందుకు? ఆ ఇంట్లో పదో తరగతి చదివే కుర్రాడికీ వచ్చు.

అయితే ఆ విద్య పనికిరాని మోటార్లు ఇప్పుడు దుకాణాల్లోకి వచ్చాయి. పాతదానికే మళ్లీ డబ్బు పోయాలా, అప్పు చేసైనా కొత్తది కొనాలా? సముద్రం మీద బతికే ఇళ్లలో ఇది పెద్ద ప్రశ్నే. మన తీరంలో డీజిల్ ఇంజన్లు బిగించిన బోట్లూ చాలానే ఉన్నాయి. వాటి లెక్క వేరు. ఇక్కడ చెబుతున్నది పడవ వెనక చెక్కకు బిగించి, వేట ముగిశాక విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకునే అవుట్‌బోర్డ్ మోటారు సంగతి.

దాని పుట్టుకా తమాషాగానే ఉంటుంది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్, కాబోయే భార్య కోసం ఎండలో సరస్సు దాటి ఐస్‌క్రీమ్ తెస్తే, తెడ్డు వేసేలోపు అది కాస్తా కరిగిపోయిందట. ఆ ఉక్రోషంతోనే పడవకు తగిలించే యంత్రం గురించి ఆలోచించాడని చెబుతారు. 1909లో అమ్మకానికి పెట్టిన ఆ మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, బరువు 28 కిలోలు. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లపాటు ప్రపంచమంతా ఎక్కువగా నడిచింది అదే పద్ధతిలో... టూ స్ట్రోక్!

తాగింది సగం, ఒలికింది కొంత

టూ స్ట్రోక్‌లో కవాటాల గొడవ లేదు. కొత్త ఇంధనం లోపలికి వస్తూ పాత పొగను బయటికి నెడుతుంది. ఆ తోపులాటలో కొంత ఇంధనం కాలకుండానే పొగతోపాటు నీళ్లలోకి పోతుంది. పాత కార్బురేటర్ మోటార్లలో ఇలా పోయేది నాలుగో వంతు దాకా ఉంటుంది. పోసిన నాలుగు లీటర్లలో ఒకటి సముద్రుడికి నైవేద్యం అన్నమాట! అందులో ఇంజనాయిలూ కలిసే ఉంటుంది కాబట్టి పడవ వెనక నీటి మీద ఆ రంగుల తెట్టు.

అమెరికా 1996లో నిబంధనలు తెచ్చి, 1998 నుంచి 2006 వరకు అంచెలంచెలుగా ఈ కాలని ఇంధనాన్ని 75 శాతం తగ్గించాలని కంపెనీలకు షరతు పెట్టింది. దాంతో అందరూ ఫోర్ స్ట్రోక్ బాట పట్టారు. 1964లోనే ఆ దారిన అడుగు పెట్టిన హోండాకు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేకపోయింది. టూ స్ట్రోక్‌నే బాగుచేసి ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే మోటార్లతో చివరిదాకా పోరాడింది మాత్రం ఎవిన్‌రూడ్ బ్రాండే. 2020లో దాని తయారీ ఆగిపోయింది. మొదలుపెట్టినవాడి పేరే ముందుగా చెరిగిపోవడం విచిత్రం.

మనలాంటి దేశాల కోసం జపాన్ కంపెనీలు టూ స్ట్రోక్‌ను ఇంకా కొనసాగిస్తున్నాయి. తేలిక, చవక, ఎవరైనా విప్పి బిగించుకోవచ్చు. కేరళ తీరంలో వేలాది పడవలు కిరోసిన్‌తో నడిచేవీ ఇవే. పెట్రోలుతో అంటించి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చి, ఆపబోయే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పడం అక్కడివారికి వెన్నతో పెట్టిన విద్య. రాయితీ కిరోసిన్ తగ్గేకొద్దీ ఆ లెక్కా తలకిందులవుతోంది.

కొత్తది ఏమిస్తుంది... ఏమడుగుతుంది?

ముందు మంచి మాట. అదే పని చేసే ఫోర్ స్ట్రోక్ మోటారు దాదాపు మూడో వంతు ఇంధనం మిగులుస్తుంది. పెట్రోల్లో నూనె కలిపే పని లేదు. మోత తక్కువ, పొగ తక్కువ. 2012లో సుజుకీ 15, 20 హార్స్‌పవర్ మోటార్లలో బ్యాటరీ అక్కర్లేని ఇంజెక్షన్ పద్ధతి తెచ్చింది. తాడు లాగినప్పుడు పుట్టే కరెంటుతోనే లోపలి కంప్యూటర్ మేలుకుంటుంది. చిన్న పడవకు ఇది నిజంగా వరమే.

ఇక రెండో వైపు. బరువు ఎనిమిది, పది కిలోలు పెరుగుతుంది. ఇసుకలో భుజాన మోసేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా ఎలాపడితే అలా పడుకోబెట్టకూడదు. కంపెనీ చెప్పిన పక్కకే వాల్చాలి, లేదంటే అడుగునున్న ఆయిలు సిలిండర్‌లోకి చేరుతుంది. మొదట 20 గంటలకు, ఆపై ప్రతి 100 గంటలకు ఆయిలు మార్చాలి. రోజుకు ఎనిమిది గంటలు తిరిగే పడవకు వంద గంటలంటే రెండు వారాలు కూడా కాదు!

అసలు భయం పెట్రోలుతో. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే సర్వత్రా వచ్చేసింది. చాలా అవుట్‌బోర్డ్ మోటార్ల వెంట ఇచ్చే పుస్తకాల్లో మాత్రం 10 శాతం దాకానే అని రాసుంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు ఒడ్డున తేమకేం కొదవ? రెండు నెలల నిషేధంలో డబ్బాలో మిగిలిపోయిన పెట్రోల్లో నీరు అడుగుకు దిగుతుంది. జూన్‌లో మొదటి తాడుకే అది ఇంజెక్టర్‌లోకి వెళ్తుంది. కొనేముందు డీలర్ నోటిమాట నమ్మకుండా, ఆ మోడల్‌కు ఎంత ఇథనాల్ పనికొస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. నిషేధం మొదలవగానే ట్యాంకు, గొట్టం ఖాళీ చేసేయాలి. నీటిని వేరుచేసే ఫిల్టరు ఒకటి మధ్యలో పెట్టించుకుంటే ఇంకా మంచిది.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. కొత్త మోటార్లలో వేడి పెరిగినా, ఆయిలు తగ్గినా కంప్యూటర్ తనంతట తానే వేగం తగ్గించేస్తుంది. ఇంజను కాలిపోకుండా అది కాపలా. అయితే ఒడ్డు కెరటాలు దాటుతుండగా అలా జరిగితే? పడవ అడ్డం తిరగడానికి ఒక్క కెరటం చాలు. పాత మోటారు ఎంత వేడెక్కినా కూస్తూనో మూలుగుతూనో ఒడ్డుకు చేర్చేది, తర్వాత చచ్చేది. అందుకే మోటారు నుంచి సన్నగా చిమ్మే నీటిధారను కెరటాల్లోకి వెళ్లకముందే చూసుకోవాలి. ఆ ధార తగ్గిందంటే లోపలి రబ్బరు రెక్కలను ఇసుక తినేసిందనే అర్థం. వేట నుంచి రాగానే మంచినీళ్ల డ్రమ్ములో కాసేపు నడపడం, మోటారుకు బిగించిన జింకు ముక్కకు రంగు వేయకుండా ఉండటం పాత పాఠాలే. ఇప్పుడు వాటికి విలువ పెరిగింది.

బ్యాటరీ మోటార్ల మాటేమిటి? జర్మనీలో 2005లో మొదలైన టార్కీడోను 2024లో యమహా కొనేసింది. అమెరికాలో మెర్క్యురీ 2023లో చిన్న విద్యుత్ మోటార్లు తెచ్చింది. చెరువులో షికారుకు అవి హాయి. వేటకు లెక్క వేసి చూడండి. 9.9 హార్స్‌పవర్ మోటారును సగం శక్తితో నాలుగు గంటలు నడపాలంటే సుమారు 15 యూనిట్ల కరెంటు కావాలి. అంత నిలవచేసే బ్యాటరీ వంద కిలోలకు తగ్గదు. అదే పనికి పెట్రోలైతే ఆరేడు లీటర్లు! ఉదయం పోయి సాయంత్రం వచ్చే వేటగాడి పడవకు ఆ రోజు ఇంకా రాలేదు.

కాబట్టి పాత టూ స్ట్రోక్ బాగా తిరుగుతుంటే, విడిభాగాలు దొరుకుతుంటే తొందరపడి అమ్మక్కర్లేదు. కొత్తది కొనేవారు ధర కన్నా ముందు అడగాల్సింది, కంప్యూటర్ పెట్టి తప్పు పట్టుకోగల మెకానిక్కు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని. కొన్నాక పాతదాన్ని ఒక సీజనైనా ఇంట్లో ఉంచుకోవాలి.

చివరగా, కొత్త మోటారును మొదటి పది గంటలూ పూర్తి వేగంతో నడపకూడదు. రెండు నెలలు ఎదురుచూసి, జూన్ 15 తెల్లవారుజామున అందరూ పోటీపడి వలలతో దూసుకుపోతుంటే పక్కన నెమ్మదిగా పోవడం... ఎవరికైనా కష్టమే!