పనిపిల్ల ఉత్తరాలు... పెద్దమనిషి నవ్వులు!

శుక్రవారం సాయంత్రం మాలియాలో కాసేపు నిలబడితే చాలు, రాయచోటి, రాజంపేట, రాజోలు, నరసాపురం అన్నీ అక్కడే కనిపిస్తాయి. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాని రోజుల్లో అక్కడే ఒక అక్క నాచేత ఇంటికి ఉత్తరాలు రాయించుకునేది. ఎన్ని రాసినా మొదటి మాట ఒక్కటే... "నేనిక్కడ క్షేమం". ఆమె మొహంలో మాత్రం ఆ క్షేమం కనిపించేది కాదు.

ఆ అక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇంగ్లీషు సాహిత్యంలోని మరో పనిపిల్ల గుర్తొస్తుంది. పేరు పమేలా, వయసు పదిహేనేళ్ళు. పని చేసే ఇంటి యజమానురాలు చనిపోయాక ఆమె కొడుకు ఈ పిల్ల వెంటపడతాడు. లొంగకపోతే దూరాన ఉన్న మరో బంగళాలో బంధిస్తాడు. పమేలా అమ్మానాన్నలకు రాసుకున్న ఉత్తరాలు చివరికి అతని చేతిలోనే పడతాయి. అవి చదివి మనసు మారి, ఆమెనే పెళ్ళి చేసుకుంటాడు!

దీన్ని రాసింది లండన్ ముద్రాపకుడు శామ్యూల్ రిచర్డ్‌సన్. సామాన్యులకు ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకమొకటి తయారుచేస్తూ, మధ్యలో ఈ నవల రాశాడు. 1740 నవంబరులో వచ్చిన నవల ఏడాది తిరక్కుండానే ఐదు ముద్రణలు పొందింది. జనం కన్నీళ్ళతో చదివారు. పమేలా బొమ్మలతో విసనకర్రలు కూడా అమ్మారు!

అందరూ ఏడుస్తుంటే ఒకాయనకు మాత్రం నవ్వొచ్చింది. ఆయనే హెన్రీ ఫీల్డింగ్. 1741 ఏప్రిల్‌లో 'షమేలా' అనే చిన్న పుస్తకం మారుపేరుతో వచ్చింది. తనదని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదుగానీ, పండితులంతా అది ఆయనదే అంటారు. షామ్ అంటే బూటకం. ఇందులో పిల్ల అమాయకురాలు కాదు, గడుసు పిండం. యజమాని పేరు బూబీ, అంటే శుద్ధ మొద్దు. అతణ్ణి ఊరించి, అలిగి, మూర్ఛపోయినట్టు నటించి మెడలో ఉంగరాల గొలుసులా చుట్టుకుంటుంది. మనసు మాత్రం ఊరి పాదిరీ మీద! అసలు నవలలో పమేలా ఏది జరిగినా వెంటనే కాగితం మీద పెడుతుంది కదా... షమేలా అయితే యజమాని గదిలోకి వస్తుంటే కూడా కలం వదలదు!

మన జరుక్ శాస్త్రి, శ్రీరమణ పేరడీలు చదివినవారికి ఈ విద్య కొత్త కాదు. అసలు రచనలో బిగుసుకున్న చోటే పట్టుకుని చక్కిలిగింత పెట్టడం. ఫీల్డింగ్ గురి నిజానికి పనిపిల్ల మీద కాదు. శీలానికి ప్రతిఫలంగా ధనవంతుడైన మొగుణ్ణి చూపించిన నీతిబోధ మీద, దాన్ని మెచ్చుకున్న పెద్దల మీద. కానీ చదివే చాలామందికి మిగిలేది ఏమిటి? "పనివాళ్ళంతా ఇంతే, జాణలు!" అన్న మాట. పేరడీలో ప్రమాదం అదే. బాణం ఒకరికి వేస్తే గాయం మరొకరికి తగులుతుంది.

ఇక విధి చేసిన పేరడీ చూడండి. భార్య పోయిన మూడేళ్ళకు, 1747లో, ఫీల్డింగ్ ఆమె దగ్గర పనిచేసిన మేరీ డేనియల్‌ను పెళ్ళాడాడు! షమేలాను చూసి నవ్విన లోకమే ఇప్పుడు ఆయన్ను చూసి నవ్వింది. తర్వాత మేజిస్ట్రేటయ్యాడు. 1750లో తమ్ముడు జాన్‌తో కలిసి ఒక ఆఫీసు తెరిచాడు. ఇళ్ళకు పనివాళ్ళను కుదిర్చిపెట్టడం దాని పనుల్లో ఒకటి. మన కువైట్‌లో మక్తబ్ అంటామే, అలాంటిదన్నమాట!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... చాలా ఏళ్ళ క్రితం ఒక వేడుకలో 'కువైట్ రిటర్న్' అనే హాస్య నాటికలో నేనూ వేషం కట్టాను. చేతినిండా గాజులు, నోటినిండా వచ్చీరాని అరబ్బీ... హాలంతా పగలబడి నవ్వింది. వెనక వరుసలో ఆ అక్క కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. తర్వాత ఉత్తరం రాయించుకోవడానికి నా దగ్గరకు రాలేదు.

కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. ఇంటి పనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏటా జీతంతో 30 రోజుల సెలవు అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. చట్టం చేయగలిగింది చట్టం చేస్తుంది. గౌరవం మాత్రం మనమే ఇవ్వాలి.

నవ్వు మానేయమని అనను, నవ్వు లేని వేడుక మనకెందుకు? ఈసారి నాటిక రాసేటప్పుడు పనిపిల్లను కాక, బూబీ దొరను వేదిక ఎక్కిద్దాం. వెనక వరుసలో కూర్చున్న అక్క కూడా హాయిగా నవ్వుతుంది. ఏమంటారు?