కాల్షియము, జన్యువులు, పెద్దప్రేగు క్యాన్సరు

ఒక ఇంట తండ్రికి పెద్దప్రేగు క్యాన్సరు వచ్చినచో, బిడ్డల మనస్సులలో మెదలెడి ప్రశ్న యొకటి కలదు: "ఇది మాకును వ్రాసిపెట్టి యున్నదా?" పూర్వము దీనిని నొసటివ్రాత యనెడివారు. నేడు జన్యువులలోని వ్రాత యనుచున్నారు. ఆ వ్రాత ఎంతవరకు నిజమో ఒక్క జన్యువును ఉదాహరణముగా గైకొని విచారింతము.

ఎముకలకు బలమిచ్చు కాల్షియము రక్తములో నియమిత ప్రమాణమున నుండవలెను. అది మిక్కిలి తగ్గినచో కండరములు కొంకర్లు పోవును. మిక్కిలి పెరిగినచో మూత్రపిండములు చెడును. ఈ ప్రమాణమును కనిపెట్టుచుండు కావలివాడెవడు? 1993లో అమెరికాలోని బోస్టను నగరమున ఎడ్వర్డ్ బ్రౌన్, స్టీవెన్ హెబర్ట్ ప్రభృతులు పశువుల పారాథైరాయిడ్ గ్రంథులను శోధించి ఆ రహస్యమును కనుగొనిరి. జీవకణపు పైపొరలో నాటుకొనియుండు ఒక ప్రోటీనే ఆ కావలివాడు. దానికి కాల్షియము గ్రాహకమని పేరు. మానవులలో దీనిని నిర్మించు జన్యువు మూడవ క్రోమోజోముపై నున్నది. ఇది 1,078 అమినో ఆమ్లముల గొలుసు. దాని యొక కొస కణము వెలుపల కాల్షియమును పసిగట్టును. రెండవ కొస ఆ వార్తను కణము లోపలికి చేరవేయును.

ఈ గ్రాహకము పెద్దప్రేగులోను కలదు. ప్రేగు లోపలి పొరలో సన్నని బావులవంటి గుంటలు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వాని యడుగున కణములు పుట్టి, మెల్లగా పైకెక్కుచు పక్వమై, కొలది దినములలో రాలిపోవును. కాల్షియము గ్రాహకమును తాకినపుడు, విభజన మాని పక్వము కమ్మను సూచన కణమునకు అందును. క్యాన్సరు కణితులలో ఈ గ్రాహకము తరచుగా క్షీణించియుండును. అప్పుడా సూచనను అందుకొనువాడు లేడు.

ఈ గ్రాహకము అందరిలో ఒక్కతీరుగా నుండదు. దాని లోపలి కొసలో 986వ స్థానమున అలనీనుకు బదులు కొందరిలో సెరీను ఉండును. 990వ స్థానమున ఆర్జినీనుకు బదులు కొందరిలో గ్లైసీను ఉండును. ఇవి వ్యాధులు కావు. మొదటి మార్పు గలవారి రక్తములో కాల్షియము ఒకింత హెచ్చుగా నుండుననియు, రెండవది గలవారి మూత్రములో అది హెచ్చుగా పోవుననియు కొన్ని పరిశీలనలు తెలిపినవి. మరి క్యాన్సరు మాట యేమి? అమెరికాలోను ఐరోపాలోను రోగులను ఆరోగ్యవంతులతో పోల్చి చూచిరి. కొన్నిచోట్ల సంబంధము కనబడెను, కొన్నిచోట్ల కనబడలేదు. కనబడినచోటను అది స్వల్పమే.

కాల్షియము మాత్రల కథయు నిట్టిదే. ప్రేగులో మొలచు పాలిప్ అను చిన్న కండలనుండియే క్యాన్సరు సాధారణముగా పుట్టును. అట్టివానిని తీయించుకొనిన 930 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితములను జాన్ బేరన్ బృందము 1999లో ప్రకటించెను. దినమునకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియము పుచ్చుకొనినవారిలో నూటికి 31 మందికి, వట్టి మాత్ర పుచ్చుకొనినవారిలో నూటికి 38 మందికి పాలిప్ మరల పుట్టెను. 2015లో అదే శాస్త్రజ్ఞుని బృందము రెండువేలకు పైగా జనులపై జరిపిన పరీక్షను ప్రకటించగా, అందు చెప్పుకొనదగిన లాభము కానరాలేదు. ఒకే ధాతువు అందరిలో ఒకే విధముగా పనిచేయదేమో, అందులకు గ్రాహకములోని భేదము కొంత కారణమేమో యను తలంపు సహేతుకమే. కాని తలంపు వేరు, నిరూపణము వేరు.

జన్యువులన్నియు ఇంత స్వల్పముగా పనిచేయునని మాత్రము తలపరాదు. కణవిభజనలో దొరలెడి తప్పులను దిద్దు జన్యువు చెడి సంక్రమించినచో, లించ్ సిండ్రోము అను స్థితి కలుగును. అట్టి కుటుంబములలో పలువురికి చిన్న వయస్సుననే ఈ క్యాన్సరు వచ్చుట కలదు. వారికి జన్యుపరీక్షయు, క్రమము తప్పని ప్రేగు పరీక్షయు ప్రాణరక్షకములు.

కావున ఆ బిడ్డలకు మన సమాధానమిది. కాల్షియము గ్రాహకములోని చిన్న భేదము మీ విధిని నిర్ణయింపదు. దానికై భయపడి మాత్రలు మ్రింగవలదు. పాలు, పెరుగు, రాగిసంకటి ఆహారముగా పుచ్చుకొనుడు. మీ వంశములో ఈ వ్యాధి ఎవరికి, ఏ వయస్సున వచ్చినదో వైద్యునితో దాచక చెప్పుడు. మలములో రక్తము కనబడినచో మొలలని సరిపెట్టుకొనకుడు. పాలిప్‌ను సకాలములో తీసివేసినచో అది క్యాన్సరుగా మారకుండ ఆపవచ్చును.