చెప్పాపెట్టకుండా ఆగిపోయే కంప్యూటరు

మోక వంటి ఊళ్ళలో ఇంటి కంప్యూటరు ఒక్కరి సొత్తు కాదు. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు, పొలం పహణీ నకలు, పత్తి మిరప అమ్మకాల లెక్కలు అన్నీ దానిలోనే ఉంటాయి. దరఖాస్తు గడువు ముగిసే సాయంత్రం అది ఉన్నట్టుండి ఆగిపోతే నష్టపోయేది ఒక గంట సమయం మాత్రమే కాదు, ఒక సంవత్సరపు సహాయధనం కూడా కావచ్చు. అప్పుడు సాధారణంగా జరిగేది యంత్రాన్ని సంచిలో కట్టుకుని బళ్ళారి బస్సెక్కడం. అంగడిలో ఏదో ఒక భాగం మార్చి పంపుతారు. ఇంటికి వచ్చిన రెండు రోజులకు మళ్ళీ అదే వరస.

అంగడిలో గంటల తరబడి నడిచిన యంత్రం ఇంట్లో ఎందుకు ఆగుతున్నది? ఈ ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నది. అంగడికి వెళ్ళేది యంత్రం ఒక్కటే. ఇంటి వేడి, ఇంటి ధూళి, ఇంటి కరెంటు, పాత యూపీఎస్ మాత్రం ఇంట్లోనే ఉండిపోతాయి. కనుక భాగాలు మార్చకముందు వీటిని పరీక్షించడం మేలు.

అన్నిటికంటే ముందు ముఖ్యమైన పత్రాలన్నిటినీ పెన్‌డ్రైవులోకి నకలు తీసుకోవాలి. పదేపదే హఠాత్తుగా కరెంటు పోతే, ఆ క్షణంలో రాస్తున్న ఫైలు చెడిపోయే అవకాశం ఉన్నది. పాత హార్డ్‌డిస్కుకూ అది మంచిది కాదు. మరమ్మతు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. పోయిన ఫోటోలు, లెక్కలు తిరిగి రావడం కష్టం.

తరువాత ఒక నోటుపుస్తకంలో వారం రోజులపాటు కంప్యూటరు ఆగిన వేళ, అప్పుడు చేస్తున్న పని, ఆగిన తీరు రాసిపెట్టుకోవాలి. తీరు అనడంలో విశేషం ఉన్నది. తెర ఒక్కసారిగా నల్లబడి, ఫ్యాను శబ్దం కూడా ఆ క్షణమే ఆగితే అది కరెంటు లోపమో వేడిమి దోషమో అయి ఉంటుంది. మూసివేస్తున్నట్లు తెరపై సందేశం చూపి క్రమంగా ఆగితే అది సాఫ్ట్‌వేరు పని. విండోస్ అప్‌డేట్ల కోసం తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవడం ఆ కోవలోనిదే. నీలిరంగు తెర వచ్చి ఆగితే ర్యామ్ లేదా ఏదైనా డ్రైవరు లోపాన్ని అనుమానించాలి. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ ఖర్చు లేకుండా ర్యామ్‌ను పరీక్షిస్తుంది.

వేడిమి విషయం కొంత వివరంగా తెలుసుకోదగినది. ప్రాసెసరు ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు చేరితే అది మొదట తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా ఉండేందుకు కరెంటును తానే తెంచుకుంటుంది. అంటే ఇక్కడ ఆగిపోవడం రోగం కాదు, ఆత్మరక్షణ. ఎండాకాలంలో బళ్ళారి సీమలో గాలి వేడే 40 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలితోనే ఫ్యాను ప్రాసెసరును చల్లార్చవలసి ఉంటుంది. దీనికి తోడు ధూళి. నల్లరేగడి దుమ్ము, హగరి ఏటి ఇసుక ఆషాఢపు గాలికి లేచి ఇళ్ళలోకి రావడం ఈ ప్రాంతానికి కొత్త సంగతి కాదు. ఆ సన్నని దుమ్ము ప్రాసెసరు మీది లోహపు రెక్కల సందుల్లో దూది పొరలా పట్టుకుంటుంది. మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకో, వీడియో చూస్తున్నప్పుడో ఆగి, కొంతసేపు విశ్రాంతి ఇస్తే మళ్ళీ మామూలుగా నడిచే యంత్రానికి చాలావరకు కారణం ఇదే.

దీనిని శుభ్రం చేయడం ఇంట్లోనే సాధ్యం. ప్లగ్గు పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, ఆ తరువాత పక్క పలక విప్పాలి. మెత్తని కుంచెతోను, గాలి ఊదే బ్లోయరుతోను దుమ్ము దులపాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. తడిగుడ్డ తగదు. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. శుభ్రపరిచినా వేడి తగ్గకపోతే ప్రాసెసరుకు, దాని పైలోహానికి మధ్య ఉండే పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. దానిని మార్పించడం పెద్ద ఖర్చు కాదు. ల్యాప్‌టాపును పరుపు మీద ఉంచి వాడితే అడుగున గాలిదారి మూసుకుపోతుంది. దాని బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే వాడకం వెంటనే మానాలి.

ఇక కరెంటు. ఇంటికి రావలసినది 230 వోల్టులు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లు ఎక్కువగా నడిచే వేళ అది తగ్గుతుంది. అలా తగ్గినప్పుడు యూపీఎస్ తన బ్యాటరీకి మారుతుంది. చిత్రమేమంటే, బ్యాటరీ చచ్చిన యూపీఎస్ రక్షించవలసినది పోయి తానే కంప్యూటరును ఆర్పుతుంది. యూపీఎస్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు తగిలిస్తే ఆ స్వల్పపు తగ్గుదలను ఎస్‌ఎంపీఎస్ తట్టుకునేదేమో! లెడ్ బ్యాటరీల ఆయుష్షు వేడిమికి త్వరగా తరుగుతుంది; రెండు మూడేళ్ళు దాటిన దానిని నమ్మరాదు. పరీక్ష తేలిక. కంప్యూటరుకు బదులు ఒక బల్బుదీపాన్ని యూపీఎస్‌కు తగిలించి, గోడ స్విచ్చి ఆపి చూడాలి. దీపం వెంటనే ఆరిపోతే దోషం యూపీఎస్‌దే.

ఇంటి ఇన్వర్టరు మీద కంప్యూటరు నడిపేవారు దాని వెనుక ఉండే చిన్న మీటను గమనించాలి. చాలా ఇన్వర్టర్లలో అది యూపీఎస్ పద్ధతికి, సాధారణ పద్ధతికి మధ్య మారుతుంది. సాధారణ పద్ధతిలో కరెంటు మార్పిడి నిదానం. ఆ లిప్తపాటులోనే కంప్యూటరు ఆగిపోతుంది. ఫ్రిజ్ స్టెబిలైజరు మీది అంకెలలో వోల్టేజీ రోజూ బాగా తక్కువగా కనిపిస్తే, వేళలతో సహా రాసుకుని 1912 నంబరు ద్వారా జెస్కాంకు ఫిర్యాదు చేయవచ్చు. వదులైన ప్లగ్గు, సరిలేని ఎర్తింగు వంటి వాటిని ఎలక్ట్రీషియన్ చూడవలసి ఉంటుంది.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ కూడా సాక్ష్యం చెబుతుంది. కెర్నల్-పవర్ 41 అన్న నమోదు యంత్రం సక్రమంగా మూతపడలేదని మాత్రమే తెలుపుతుంది, కారణం చెప్పదు. దానిని చూపి భాగాలు మార్చాలనే వారిని మరొక్క ప్రశ్న అడగడం మంచిది. 1074 అన్న నమోదు కనిపిస్తే ఏదో ప్రోగ్రామో, మనిషో ఆజ్ఞ ఇచ్చి ఆపినట్లు.

ఇన్ని చేసినా ఆగుతూనే ఉంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు వంతు. అంగడికి వెళ్ళేటప్పుడు వారం రోజుల నోటుపుస్తకాన్ని, యూపీఎస్‌ను కూడా వెంట తీసుకువెళ్ళాలి. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనకముందు అంగడివారి దానిని తాత్కాలికంగా తగిలించి చూడమని కోరవచ్చు. యూపీఎస్ బ్యాటరీ మార్చవలసి వస్తే పాతదానిని కొత్తది అమ్మినవారికే అప్పగించాలి. అందులోని సీసం, ఆమ్లం చెత్తకుండీలో పడవలసినవి కావు.