మంచం మీంచి కనిపించే పిట్టల లోకం

మోకాళ్ళు అరిగిపోయిన అవ్వ. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ అత్త. చిన్నప్పుడే పోలియో వచ్చి కాలు చచ్చుబడిన అక్క. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

పొద్దున్నే అందరూ పనికి పోతారు. పిల్లలు బడికి పోతారు. ఇల్లు ఖాళీ అవుతుంది. "కాళ్ళు పోయాక ఇంకేముంది? గోడలు చూస్తూ కూర్చోవడమే" అంటారు వాళ్ళు.

గోడవైపు ఉన్న మంచాన్ని వాకిలి వైపు తిప్పి చూడండి. చూడడానికి చాలా ఉంది.

కదిలే మనిషిని చూస్తే పిట్ట ఎగిరిపోతుంది. కదలకుండా కూర్చున్న మనిషికి అంతగా భయపడదు. రోజూ అదే చోట కూర్చుంటే మెల్లగా అలవాటు పడుతుంది. దగ్గరికి కూడా వస్తుంది. అందుకే ఈ పనిలో తిరిగేవాళ్ళకన్నా కూర్చున్నవాళ్ళదే పైచేయి.

ఇదే మంచి కాలం

శివరాత్రి వెళ్ళాక చలి తగ్గుతుంది. చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. ఉగాదికి చిగుళ్ళు వేస్తాయి. ఆకు పలచగా ఉంటుంది కనుక కొమ్మ మీది పిట్ట బాగా కనిపిస్తుంది. మోదుగ, బూరుగు పూస్తాయి. ఆ పూలలో తేనె కోసం గోరింకలు, కాకులు, తేనెపిట్టలు వస్తాయి.

పెరట్లో మందార చెట్టు ఉంటే తేనెపిట్ట ఇంటికే వస్తుంది. అది ముక్కు నుంచి తోక దాకా జానెడులో సగం కూడా ఉండదు. ముక్కు సన్నగా, వంకరగా ఉంటుంది. మగది దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. ఎండ పడితే నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఆడదాని పొట్ట పసుపుపచ్చగా ఉంటుంది. వీటి గూడు చిన్న సంచిలా వేలాడుతుంది. గడ్డిపోచల్ని సాలెపురుగు దారాలతో అతికించి కడతాయి.

పాడేది ఎవరు?

"కోయిలమ్మ పాడుతోంది" అంటారు అందరూ. నిజానికి కూ... కూ... అని పిలిచేది మగ కోయిల. అది నిగనిగలాడే నలుపు. కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఆడ కోయిల నల్లగా ఉండదు. గోధుమరంగు ఒంటి మీద తెల్లని చుక్కలు ఉంటాయి. దాన్ని చూసి వేరే పిట్ట అనుకుంటారు చాలామంది.

కోయిల గూడు కట్టదు. ఎండాకాలంలో కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. కాకే దాన్ని పొదుగుతుంది. పిల్లకు తిండి పెడుతుంది. కాకులు కోయిలను ఎందుకు తరుముతాయో ఇప్పుడు తెలిసింది కదా!

పిట్టల్ని పిలవడం ఎలా?

వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్ళు పోయాలి. అందులో ఒక రాయి పెట్టాలి. పిట్ట దాని మీద వాలి నీళ్ళు తాగుతుంది. మూకుడును పిల్లికి అందని చోట, నీడలో, మంచం మీంచి కనిపించేలా పెట్టాలి. నీళ్ళు రోజూ మార్చాలి. నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. బడికి పోయే పిల్లలకు ఈ పని అప్పగించవచ్చు.

చూరుకు వరికంకుల కుచ్చు కట్టడం మన పాత అలవాటు. దానికి పిచ్చుకలు వస్తాయి. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగ పిచ్చుక. ఆడదానికి ఆ మచ్చ ఉండదు. పిచ్చుకలు తమ పిల్లలకు పురుగుల్ని తెచ్చి పెడతాయి. పెరట్లో పురుగుమందు కొడితే ఆ తిండి పోతుంది. పిచ్చుకల గురించి అందరికీ తెలియాలని 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు.

ఉప్పు, కారం కలిసిన అన్నం పిట్టలకు వేయకూడదు. గూటిని ముట్టుకోకూడదు.

రాసి పెట్టాలి

ఒక పాత నోటుబుక్కు, పెన్సిలు చాలు. తేదీ, వేళ, వచ్చిన పిట్ట పేరు రాయాలి. పేరు తెలియకపోతే రంగు రాయాలి. ముక్కు ఎలా ఉందో రాయాలి. కొత్తగా నేర్చిన అక్షరాలు ఇలా రోజూ వాడితే మరచిపోవు. వచ్చే ఏడు ఈ పుస్తకం తీసి చూస్తే, మొదటి కోయిల ఏ రోజు కూసిందో తెలుస్తుంది. పొలానికి పోయినవాళ్ళకు తెలియని సంగతి, ఇంట్లో కూర్చున్న అవ్వకు తెలుస్తుంది.

మీ ఇంట్లో కదలలేనివాళ్ళు ఉంటే ఈ సాయంత్రమే మంచం వాకిలి వైపు తిప్పండి. రేపు పని నుంచి రాగానే, "అవ్వా, ఇవాళ ఏ పిట్ట వచ్చింది?" అని అడగండి.