కొఱ్ఱలకు అంగడి యెట్లు వచ్చినది?

నేడు పట్టణపు దుకాణములలో కొఱ్ఱలు, సామలు అందమైన సంచులలో అమ్మకమునకు వచ్చుచున్నవి. ఇవి వాననీటితోనే పండును. వరికివలె మడిలో నీరు నిలుపనక్కఱలేదు. ఇంత మేలైన పంటకు అంగడి యేల పోయినది, మరల నెట్లు వచ్చినది అను సంగతి మన వంటయింటికి సంబంధించినదే.

1983లో ఆంధ్రప్రదేశమున కిలో బియ్యము రెండు రూపాయలకే యీయసాగిరి. అది బీదల యాకలి తీర్చిన పథకము, నిందింపరాదు. కాని బియ్యమంత చౌకగా దొరకుచుండ కొఱ్ఱలు పండించి యెవరికమ్మవలెను? వ్యాసములలో తఱచుగా కానరాని కారణము వేఱొకటి కలదు. జొన్నలను నేరుగా విసరుకొనవచ్చును. కొఱ్ఱ, సామ, ఆరికలకో, పైపొట్టు గట్టిగా నంటియుండును. రోకటితో దంచి, చెఱిగి, మరల దంచవలెను. ఆ పని యెవరిది? బియ్యపుసంచి యింటికి రాగానే రోలు ప్రక్కకు నెట్టిన యిల్లాలిని తప్పుపట్టుట న్యాయము కాదు.

ఆ 1983లోనే, నేటి తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యేర్పడినది. దాని గ్రామసంఘముల స్త్రీలలో పెక్కురు దళితులు, చిన్న కమతములవారు. వారు మొదట పట్టణపు గిరాకిని వెదకలేదు. 1990 దశాబ్దపు నడుమ, పడావు భూములను సాగుచేయు రైతులకు అప్పిచ్చి, దానిని ధాన్యముగా వాయిదాలలో రాబట్టిరి. ఆ ధాన్యమును ఊరిలోనే నిలువయుంచి, పనులు దొరకని నెలలలో నిఱుపేదలకు తక్కువ ధరకు అమ్మిరి. ఏ యిల్లు నిఱుపేదదో ఊరివారే కూర్చుండి తేల్చిరి. అనగా పండించిన యూరే తొలి గిరాకి! కొనువారున్నారని తెలిసిననే గదా రైతు విత్తనము చల్లును.

ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతి లభించినది. 2023ను ప్రపంచమంతట చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిరి. పట్టణములందు గిరాకి పెరిగినది, ధరయు పెరిగినది. చిక్కిక్కడనే యున్నది. పొట్టు తీయు మర పల్లెకు దగ్గఱ లేనిచో, పండించినవారు గింజను పొట్టుతోనే అమ్మివేయుదురు. లాభము మరవానిది, వారి యింట చౌకబియ్యము. గిరాకి యెంత పెరిగినను ఆ యింటి పిల్లల కంచములోనికి కొఱ్ఱన్నము రాదు.

కావున కొనునపుడు, ఇది యెవరు పండించిరి, ఎచట దంచిరి అని దుకాణదారు నడుగుడు. రైతుసంఘములు తామే దంచి యమ్ము సరకు దొరకినచో దానినే కొనుడు. మిక్కిలి మెఱయు గింజనుండి తవుడు పోయియుండును. కొంత మసకగా నున్నదే మేలు. ఒక్కసారి పది కిలోలు తెచ్చి పురుగుపట్టించుటకంటె నెలనెల రెండేసి కిలోలు తెచ్చుకొనుడు. వండుటకు ముందు కొన్ని గంటలు నానబెట్టిన అన్నము మెత్తగా నుండును. తొలినాడు పెరుగుతో కలిపి పెట్టుడు, పిల్లలు మారాము చేయరు.