చికిత్స మొదలైననాడే ఉపశమనం

ముదిరిన వ్యాధితో పోరాడుతున్నవారికి నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, దిగులు వంటి బాధలను తగ్గిస్తూ, రోగికీ ఇంటిల్లిపాదికీ తోడుగా నిలిచే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అనీ, ఉపశమన వైద్యం అనీ అంటారు. మందులు పనిచేయడం మానేశాక, ఆఖరి రోజుల్లో మాత్రమే దీని అవసరం పడుతుందన్న అభిప్రాయం ప్రజల్లోనే కాక వైద్యుల్లోనూ చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. ఆ అభిప్రాయాన్ని గట్టి ఆధారాలతో ప్రశ్నించిన పరిశోధనల్లో, అమెరికాలోని బోస్టన్ నగరంలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ క్యాన్సర్ వైద్యురాలు జెన్నిఫర్ టెమెల్ తన సహచరులతో కలిసి జరిపి, 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం ముఖ్యమైనది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకినట్టు అప్పుడే తేలిన 151 మందిని ఆ అధ్యయనంలో ఎలాంటి ఎంపికా లేకుండా రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మామూలు క్యాన్సర్ చికిత్సను, రెండో వర్గానికి అదే చికిత్సతో పాటు మొదటి నుంచీ కనీసం నెలకొకసారి ఉపశమన వైద్య బృందంతో సంప్రదింపును ఏర్పాటు చేశారు. 12 వారాలు గడిచేసరికి మామూలు చికిత్స వర్గంలో 38 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించగా, రెండో వర్గంలో అవి 16 శాతానికే పరిమితమయ్యాయి. రోజువారీ జీవితం ఎంత సాఫీగా సాగుతోందో కొలిచే జీవన నాణ్యత సూచికలోనూ రెండో వర్గమే ముందుంది. ఆ వర్గంలో సగం మంది 11.6 నెలలకు మించి జీవించగా, మామూలు వర్గంలో ఆ కాలం 8.9 నెలలు. ఈ ఆయుర్దాయపు లెక్కే ఎక్కువమంది దృష్టిని ఆకర్షించినా, అధ్యయనం ప్రధానంగా తేల్చదలచుకున్నది జీవన నాణ్యత గురించే కాబట్టి, దాని అసలు విలువను అక్కడే చూడడం న్యాయం.

ఆ సంప్రదింపుల్లో ఏం జరిగిందన్నది కూడా ఈ బృందమే తర్వాత నమోదు చేసింది. మొదటి భేటీ సుమారు 55 నిమిషాలు సాగేది. అందులో 20 నిమిషాలు శారీరక బాధలకు, 15 నిమిషాలు రోగీ కుటుంబమూ ఈ కష్టాన్ని ఎలా తట్టుకుంటున్నారన్నదానికి, 10 నిమిషాలు వ్యాధి గురించి వారికి తెలిసిందేమిటో కనుక్కుని వివరించడానికి పట్టేవి. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. కూర్చుని వినే డాక్టరు ఉన్నాడు, ఆ డాక్టరుకు తీరిక ఉంది.

అయినా రోగులకు వాస్తవం తెలియడం అంత తేలిక కాదని అదే అధ్యయనంపై 2011లో వెలువడిన మరో పత్రం చూపింది. చేరిన తొలినాళ్లలో దాదాపు మూడోవంతు రోగులు తమ క్యాన్సర్ పూర్తిగా నయమవుతుందనే నమ్మారు. కాలం గడిచేకొద్దీ సరైన అవగాహన నిలుపుకున్నవారు, కొత్తగా తెచ్చుకున్నవారు కలిపి ఉపశమన వర్గంలో 82.5 శాతం ఉండగా, మామూలు చికిత్స వర్గంలో 59.6 శాతమే ఉన్నారు. ఉపశమన వర్గంలోనే వాస్తవం తెలిసినవారిలో 9.4 శాతం మంది మాత్రమే చివరి దశలో నరానికి ఎక్కించే కీమోథెరపీ తీసుకోగా, తెలియనివారిలో సగం మంది తీసుకున్నారు. రోగికి అసలు సంగతి చెప్పవద్దని, తెలిస్తే కుంగిపోతాడని డాక్టరును పక్కకు పిలిచి వేడుకునే కుటుంబాలు తెలుగునాట కోకొల్లలు. ఆ వేడుకోలు వెనక ఉన్నది ప్రేమే. అయితే బోస్టన్‌లో వాస్తవం ఎక్కువమందికి తెలిసిన వర్గంలోనే కుంగుబాటు తక్కువగా కనిపించిందన్న సంగతి ఆ ప్రేమ తప్పక లెక్కలోకి తీసుకోవలసినది.

ఈ పద్ధతి అన్ని క్యాన్సర్లకూ ఒకే తీరుగా ఉపకరించదని టెమెల్ 2017 నాటి అధ్యయనమే తెలిపింది. జీర్ణకోశ క్యాన్సర్ రోగుల్లో ప్రయోజనం అంత స్పష్టంగా కనబడలేదు. నెలనెలా చూడగలిగినంతమంది ఉపశమన వైద్యులు లేకపోవడం మరో చిక్కు. దానికి మార్గం వెతుకుతూ 507 మందితో జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట ఒకసారి కలిసి, తర్వాత చికిత్స మారినప్పుడో ఆసుపత్రిలో చేరి వచ్చినప్పుడో మాత్రమే కలుస్తూ, జీవన నాణ్యత పడిపోయినవారికే భేటీలు పెంచే పద్ధతిని పరీక్షించారు. 24 వారాల్లో సగటు భేటీలు 4.7 నుంచి 2.4కు తగ్గినా జీవన నాణ్యత తగ్గలేదు. కానీ వ్యాధిపై పోరాటం ఆపి బాధ లేకుండా చూడడమే పనిగా పెట్టుకునే హాస్పిస్ సంరక్షణలో రోగులు గడిపిన రోజులు మాత్రం సగటున 34.6 నుంచి 19.5కు పడిపోయాయి.